ముక్కుకి తెలిసిన ఉప్పు

అనకాపల్లి,
జూలై 9.

చిరంజీవి బంగార్రాజుకి మీ బావ త్రినాధరావు దీవించి రాసేది.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పొద్దున్న కలం తీశాను, మూత పెట్టేశాను. టిఫినయ్యాక మళ్ళీ తీశాను. రాయడానికి నా దగ్గర విశేషం ఏముంది గనక? మంచం ఉంది, కిటికీ ఉంది, ఆ రెంటి మధ్యా తుంటి విరిగిన నేనున్నాను. కదలకుండా ఆరునెలలన్నాడు డాక్టరు. కిటికీలోంచి చూస్తే మన కనకమహాలక్ష్మి టిఫిన్ హోటలు షట్టరు కనిపిస్తుంది. నలభై ఏళ్ళు దాని లోపల నిలబడి రోడ్డుని చూశాను. ఇప్పుడు రోడ్డుకి ఇవతల పడుకుని దాన్ని చూస్తున్నాను. అదీ మూసుంది, నేనూ మూసున్నాను.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. నా చెవిలో ఫోను పెడితే బెల్లం వండే పెనంలో పాకం ఉడికినట్టు గుబగుబమంటుంది తప్ప మాట తెలియదు. మీ అక్క సత్యలక్ష్మి విని నాకు చెబుతుంది గానీ, ఆవిడ చెప్పేదాంట్లో సగం నీ మాట, సగం ఆవిడ మాట. ఏది ఎవరిదో విడదియ్యడానికి నాకు ఓపిక లేదు. అందుకని ఉత్తరం.

అసలు సంగతి ఇది. మన నేస్తం దేముడు రోజూ బెల్లం మార్కెట్లో వేలం అవగానే వచ్చి నా మంచం పక్కన కుర్చీ వేసుకుంటున్నాడు. కుర్రతనంలో బెల్లం లారీల మీద మద్రాసు వెళ్ళొచ్చినవాడు కదా, తిండంటే ఆ ఊరేనని పంతం. "నువ్వు ఎలమంచిలి దాటి ఎక్కడ తిన్నావు మావా? ఇస్తరాకు ముందు బుద్దిగా కూకునే ఊరు మద్రాసొక్కటే. మిగతావన్నీ ఊళ్ళేటి!" అంటాడు. నేను హైదరాబాదు పక్షం పట్టాను. ఎందుకూ అంటే నువ్వు అక్కడున్నావు కాబట్టి. అంతకుమించి నాకు ఆధారం లేదు. హైదరాబాదుని నేను చూసింది పొట్లాల కాగితాల్లోనే. నేను అక్షరాలు నేర్చుకున్నదే బజ్జీలు చుట్టే పాత పేపర్ల మీద. అందుకే లోకంలో ప్రతి విషయమూ నాకు కొంచెం తెలుసు, ఏ విషయానికీ చివర తెలియదు. చివర ఎప్పుడూ బజ్జీలతోపాటు ఎవడింటికో వెళ్ళిపోయేది.

దేవీప్రసాద్ నిన్ను తన మూడు హోటళ్ళకీ తిప్పుతానన్నాడుగా, హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై. ఏ ఊళ్ళో జనం ఎలా తింటారో, హోటళ్ళెలా ఉన్నాయో వివరంగా రాయి. దేముడి నోరు మూయించాలి.

ఆ దేవీప్రసాద్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎలమంచిలి పెళ్ళిలో భోంచేసి, చెయ్యి కడుక్కోకుండానే మన గాడిపొయ్యి దగ్గరికి వచ్చి "ఈ పులుసు ఎవరు పెట్టారండీ?" అన్నాడు. నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే నేను త్రినాధరావునెలా అవుతాను? "మా బావమరిది. వండేటప్పుడు రుచి చూడడు. పెళ్ళిలో ఆఖరి బంతి తిని లేచేదాకా వంటవాడి చెయ్యి నోటికి పోకూడదని వాళ్ళ నాన్న ప్రమాణం చేయించుకున్నాడు. ఆవిరి మీద ముక్కు పెట్టి ఉప్పు చెబుతాడు. నలభై ఏళ్ళలో ఒక్కసారి తప్పితే నన్నడగండి" అన్నాను. నువ్వు గరిటె పట్టుకుని కొత్త పెళ్ళికొడుకులా తలొంచుకున్నావు. నెల తిరక్కుండా రెండేళ్ళ ఒప్పందం, విమానం టిక్కెట్టు, నీ మొహంతో ‘బంగార్రాజుగారి వంటిల్లు’ అని బోర్డు. ఆ బోర్డుకి పురుడు పోసింది నా నోరే. మీ అక్క మాత్రం "తిన్నగా ఉన్నోణ్ని ఊరవతల పారేసేరు" అని నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

రాయి మరి.

త్రినాధరావు

---

హైదరాబాదు, కూకట్‌పల్లి,
ఆగస్టు 3.

బావగారికి, అక్కకి నమస్కారాలు.

మీ ఉత్తరం బియ్యం బస్తాల మీద కూర్చుని చదువుకున్నాను. ఊరు ఎలా ఉందని అడిగారు. నేను ఊరు చూడలేదు బావా. వంటశాల మీద నా గది. కిటికీ ఉండాల్సిన చోట పొగ లాగే పెద్ద ఫ్యాను పెట్టారు. లైటు వేస్తేనే పగలు. మెట్లు దిగితే వంట, మెట్లెక్కితే పడక. వచ్చి నాలుగు నెలలైనా ఈ వీధి చివర ఏముందో నాకు తెలియదు.

కానీ కడగాల్సిన పళ్ళాలు లోపలికి తోసే కంత ఒకటుంది. వంట తెమిలాక దాని పక్కన స్టూలు వేసుకుంటాను. తిన్నవాళ్ళు కనబడరు, తిన్నది కనబడుతుంది. దాన్నిబట్టి రాస్తున్నాను.

ఈ ఊరివాళ్ళు అన్నం మిగులుస్తారు గానీ కూర మిగల్చరు. ఇద్దరొచ్చి ఐదుగురికి చెబుతారు. వడ్డించేవాడు "చాలు కదండీ" అంటే కోపం. ఎముకలు గుట్టపోసి, పిండేసిన నిమ్మచెక్క దానిమీద టోపీలా పెట్టి పంపిస్తారు. మనవాళ్ళు పెళ్ళిలో తిన్నట్టు రోజూ తింటారు. మన పప్పు, మన ఆవపెట్టిన కూర, మన పులుసు అన్నీ మెచ్చుకుని చివర "బిర్యానీ లేదా?" అంటారు. ఉత్తరాంధ్ర హోటల్లో బిర్యానీ ఏమిటని దేవీప్రసాద్ గారు పదిరోజులు పంతం పట్టారు. పదకొండో రోజు హండీలు దిగాయి. మా వీధిలోనే గోదావరి రుచులు, పల్నాటి రుచులు, సీమ రుచులు, కరీంనగర్ రుచులు ఉన్నాయట. జిల్లాకో బోర్డు బావా, కలెక్టరాఫీసుల్లాగ.

సాయంత్రం ఏడింటికి నాకు వేరే పని. పట్టుపంచె కట్టించి, గుమ్మడికాయ పులుసు గిన్నెతో హాల్లోకి తీసుకెళతారు. గిన్నె మీద వంగి, వాసన చూసి, "ఉప్పు సరిపోయింది" అనాలి. ఒక్కోరోజు కావాలని తగ్గించి వేస్తారు. ఆరోజు "ఇంకొంచెం పడాలి" అనాలి. జనం ఫోన్లు పైకెత్తుతారు. ఆ మాట చెప్పాక చప్పట్లు. నేను లోపలికి వచ్చేస్తాను.

జూన్లో నాలుగు రోజులు జ్వరం తగిలింది. తగ్గిపోయింది. అక్కకి చెప్పకండి.

బంగార్రాజు

---

అనకాపల్లి,
ఆగస్టు 14.

బంగార్రాజూ,

నీ ఉత్తరం దేముడికి రెండుసార్లు చదివి వినిపించాను. కలెక్టరాఫీసు మాట నేను అన్నట్టు చెప్పాను, ఏమీ అనుకోకు. వాడు "అన్నం ఒగ్గీసే ఊరు ఊరేటి మావా? బియ్యం పండించినోడికి కడుపు మండదేటి?" అన్నాడు. హైదరాబాదు తరపున నేను ఓడిపోయాను. అయినా ఒప్పుకోలేదు.

మొన్న వాడు మాడుగుల వెళ్ళి హల్వా తెచ్చాడు. డాక్టరు తీపి వద్దన్నాడని మీ అక్క అటక మీద పెట్టింది. తుంటి విరిగినవాడికి అటకంటే ఆకాశమే. నేను మంచంలోంచి దాని పొట్లం కాగితం కొస మాత్రం చదవగలుగుతున్నాను, ‘...తీవ్రత తగ్గే అవకాశం’ అని ఉంది. ఏమిటి తగ్గుతుందో తెలియదు. నా చదువంతా ఇంతే కదా.

బెంగుళూరు గురించి త్వరగా రాయి. నేను దేముడి మీద కొత్త పక్షం పట్టాలి. జ్వరం సంగతి మీ అక్కకి చెప్పలేదు. ఆవిడకి తెలుసు. ఎలా తెలిసిందో నాకు తెలియదు.

త్రినాధరావు

---

బెంగుళూరు,
సెప్టెంబరు 12.

బావగారికి నమస్కారాలు.

ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. గదికి కిటికీ ఉంది, దాని ఎదురుగా పక్కింటి గోడ ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

ఈ ఊళ్ళో పొద్దున్న టిఫినంటే నిలబడి తినేస్తారట. మా దగ్గరికి వచ్చేవాళ్ళు మాత్రం బయట పేరు రాయించుకుని గంటసేపు నిలబడి, లోపలికొచ్చి పావుగంట కూర్చుంటారు. ముందు ఫోటోలు తీస్తారు. అప్పటికి పులుసు మీద తెట్టు కడుతుంది. బెల్లం ఏ ఊరిది, నూనె గానుగదా, మిరపకాయకి మందు కొట్టారా అని అడిగిస్తారు. అనకాపల్లి బెల్లం అంటే అబ్బా అంటారు. ఈ ఊరి సాంబారు కూడా తియ్యగానే ఉంటుంది, మనకి చుట్టాలనుకోవాలి. కానీ పళ్ళెంలో ప్రతిదాంట్లోనూ ఒక్కో ముద్ద మిగులుతుంది. కూరలో ఒకటి, పచ్చడిలో ఒకటి, పెరుగన్నంలో ఒకటి. నచ్చలేదని కాదు, అన్నీ రుచి చూశామని సంతకం పెట్టినట్టు.

ఇంకో విషయం. నవంబరు పదహారున చెన్నైలో దేవీప్రసాద్ గారు పెద్ద సభ పెడుతున్నారు. మూడు ఊళ్ళ హోటళ్ళవాళ్ళూ ఎవరి గుమ్మడికాయ పులుసు వాళ్ళు పెడతారు. నా కళ్ళకి గంతలు కడతారు. నేను మూడు గిన్నెలూ వాసన చూసి, దేంట్లో ఉప్పు ఎంతుందో చెప్పి, ఏ ఊరు గెలిచిందో చెప్పాలి. టీవీ వాళ్ళు కూడా వస్తారట. దానికి కొత్త బోర్డు వేయించారు. దాంట్లో నా మొహం లేదు, ఒక్క ముక్కే ఉంది. తలుపంత ఉంది.

ఇంతే సంగతులు.

బంగార్రాజు

---

అనకాపల్లి,
సెప్టెంబరు 23.

బంగార్రాజూ,

ఇవాళ దేముడు రాలేదు. నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

రైల్వే గేటు దగ్గర నిలబడి, వెళుతున్న బండిలో ఏ పెట్టెలో మామిడిపళ్ళున్నాయో చెప్పినవాడివి నువ్వు. మన శారదానదికి కొత్త నీరొచ్చిందని మార్కెట్లో కూర్చునే చెప్పినవాడివి. మీ అక్క కాన్పు రోజున "బాలింత పొడి వేయించే వాసన కాదు, మాడే వాసన" అని మూడు వీధులవతల నుంచి పరుగెత్తుకొచ్చావు.

రెండు ఉత్తరాల్లో ఎన్ని పళ్ళాలు రాశావు! ఎముకలు, తెట్టు, నిమ్మచెక్కలు. వాసన ఒక్కటి లేదు. బిర్యానీ హండీ దిగితే దాని వాసన లేదు. బెంగుళూరు వెళ్ళి కాఫీ వాసన రాయలేదు.

ఒక్క మాట అడుగుతాను, దాచకు. నీ ముక్కు బాగుందా?

బావ

---

చెన్నై,
అక్టోబరు 8.

బావగారికి,

లేదు.

జ్వరం తగ్గిన మూడోరోజు పోపు వేశాను. ఆవాలు చిటపటలాడాయి, కరివేపాకు చుయ్యిమంది. వాసన రాలేదు. ఇంగువ డబ్బా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సున్నం పెట్టుకున్నట్టే ఉంది. డాక్టరు ఒకరోజు రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. వంద రోజులు దాటింది.

మరి ఏడింటికి ఎలా చెబుతున్నావని అడుగుతారు. రోజూ ఉప్పు నేనే కొబ్బరిచిప్పతో కొలిచి వేస్తాను, అది సరిపోతుంది. కావాలని తగ్గించే రోజున, గిన్నె పట్టుకొచ్చే మనిషి నా మొహంకేసి చూడడు. నేను ఆ మొహం చూసి ఉప్పు చెబుతున్నాను. నవంబరు పదహారున కళ్ళకి గంతలు. మొహాలుండవు.

నాలుక బాగానే ఉంది. ఉప్పు, పులుపు, తీపి, కారం తెలుస్తున్నాయి. కానీ వండేటప్పుడు నోట్లో పెట్టుకోలేను. నాన్న చేతిలో చెయ్యి వేసి చెప్పాను కదా, ఆఖరి బంతి లేచేదాకా అని. పెళ్ళిలో అయితే ఆఖరి బంతి ఒక వేళకి లేస్తుంది. హోటల్లో ఎప్పుడు లేస్తుంది బావా? పొద్దున్న ఆరునుంచీ ఎవరో ఒకరు తింటూనే ఉంటారు. పోనీ ప్రమాణం పక్కన పెడదామంటే, జనం వచ్చేదే రుచి చూడని మనిషిని చూడడానికి. ఏ పక్కకి జరిగినా గోడే.

మానేస్తానని చెబుదామని రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి దేవీప్రసాద్ గారు కాఫీ ఇచ్చి ముక్కు బోర్డు చూపించారు. రెండోసారి నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు లేకపోతే ఈ పేరుకి అర్థమే లేదు బాబాయ్, ఇంకా ఏడాదిన్నర మీరు ఎక్కడికీ వెళ్ళరు" అన్నారు. ప్రేమగానే అన్నారు. ముక్కు పోయిందని నా నోటికి రాలేదు. అదొక్కటే కదా నా దగ్గరున్నది.

దేముడు మావతో చెప్పండి, ఆయన గెలిచారు. ఇక్కడివాళ్ళు వేళకి వస్తారు, ముందు ఆకు తుడుచుకుంటారు, మాట్లాడకుండా తింటారు, తిన్నాక ఆకు తమవైపుకి మడుస్తారు. ఆకు విప్పి చూస్తే కరివేపాకు, ఎండుమిరపకాయ తప్ప ఏమీ ఉండదు. మన పులుసుని రెండోసారి అడిగేది ఈ ఊరే. కానీ బాగాలేకపోతే నోటితో చెప్పరు. వదిలేసి వెళ్ళిపోతారు.

మొన్న ఆకులన్నిట్లో పులుసు మిగిలింది. ఎందుకో నాకు తెలియలేదు. గిన్నెలు కడిగే తలుపులమ్మ, మన నాతవరం మనిషి, యాభై ఏళ్ళుంటాయి, నా దగ్గరికి వచ్చింది.

"ఏటి మావయ్యా, పులుసు అడుగంటీసింది. ఈదంతా మాడు కంపు. నీకు తెల్డం లేదేటి?"

"జలుబమ్మా" అన్నాను.

"జలుబైతే సీదాల కదా. వారంబట్టి సూత్తన్నాను, ఒక్కపాలీ సీదలేదు."

నేను మాడిన గిన్నె ఆవిడ వైపు జరిపాను. ఆవిడ దాన్ని అందుకుని, "నానెవలికీ సెప్పన్లే" అని కుళాయి విప్పింది.

నన్ను ఏం చెయ్యమంటారు?

బంగార్రాజు

---

అనకాపల్లి,
అక్టోబరు 20.

బంగార్రాజూ,

ఈ ఉత్తరం మూడోసారి రాయడం. ముందువి రెండూ చించేశాను. ఇది కూడా వద్దనిపిస్తోంది. కానీ నిన్ను ఆ ఊళ్ళో నిలబెట్టింది నా నోరు, కాబట్టి నోరు మూసుకునే హక్కు నాకు లేదు.

మనం కలిసి పెళ్ళివంటలు పట్టిన మొదటి ఏడు గుర్తుందా? ఎలమంచిలిలో, బియ్యం మిల్లువాళ్ళింట్లో. నాలుగొందల విస్తళ్ళు. మగపెళ్ళివారు వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో ఒకడు ఆకలికి తమలపాకులు నమిలేస్తున్నాడు, వాడికి మీసం ఒకవైపే ఉంది, ఆ మీసం కథ వేరే, ఇంకోసారి. నువ్వు పులుసు మీద వంగి, కళ్ళు మూసుకుని, "సరిపోయింది బావా" అన్నావు. నేను నమ్మాను. నమ్మే, అవతలికి వెళ్ళాను. కానీ నాకు కక్కుర్తి ఎక్కువ కదా. బెల్లం దిమ్మల వెనక నక్కి గరిటె నాకాను.

ఉప్పు లేదు బంగార్రాజూ. చప్పిడి.

ఏం చెయ్యాలి? నీ మొహం చూస్తే అప్పుడే పూజ చేసి లేచిన మనిషిలా ఉంది. ఆ మొహంతో "తప్పావురా" అని ఎలా అనడం? "ఇస్తరాకులు సరిపోతాయో లేదో లెక్కపెట్టి రా" అని నిన్ను పందిట్లోకి పంపించాను. నువ్వు అటు వెళ్ళగానే రెండు గుప్పిళ్ళు వేసి కలిపేశాను. ఆరోజు పులుసుకి ఎంత పేరొచ్చిందో నీకు తెలుసు.

ఆ తరవాత ప్రతి వంటకీ అంతే. నువ్వు వాసన చూస్తావు, నేను నిన్ను ఆకులు లెక్కపెట్టడానికి పంపిస్తాను, నాలిక మీద వేసుకుని చూస్తాను. పదింట్లో ఎనిమిది నువ్వు చెప్పినట్టే ఉండేవి. ఎనిమిదంటే మాటలు కాదు, అది దేవుడిచ్చిన ముక్కే. మిగతా రెండూ నా నాలిక. నలభై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదని నేను చెప్పింది అబద్ధం కాదు. ఎలా తప్పలేదో చెప్పలేదు, అంతే.

ఎందుకు దాచానంటే, మొదట నీ కోసం. తరవాత హోటలు పేరు కోసం. తరవాత అలవాటై. ఈ మూడింట్లో ఏది ఎప్పుడు ఏదిగా మారిందో నాకే తెలియదు.

కాబట్టి నీ ముక్కు పోయిందంటే నీ దగ్గరున్నదంతా పోలేదు. పోయింది పదింట్లో ఎనిమిది. మిగతా రెండూ ఎప్పుడూ నాలికవే. మీ నాన్న ప్రమాణం నీ చేత చేయించాడు గానీ, దాన్ని ఎంగిలి చేసింది నేను, మొదటి ఏడే. ఇక నిన్ను పట్టి ఉంచడానికి ఆ ప్రమాణంలో ఏమీ మిగల్లేదు.

చెంచా అడుగు. అందరి ముందూ అడుగు. నోట్లో పెట్టుకో.

నన్ను తిట్టాలనుంటే ఉత్తరంలో తిట్టు. ఫోనులో అయితే వినబడదు.

త్రినాధరావు

---

చెన్నై,
అక్టోబరు 31.

బావగారికి,

ఉత్తరం అందింది.

ఇస్తరాకులు ఎప్పుడూ సరిగ్గానే ఉండేవి.

బంగార్రాజు

---

చెన్నై,
నవంబరు 18.

బావగారికి,

మీకు రాయకూడదనుకున్నాను. అక్క ఫోనులో "ఆయన తిండి తినడం లేదు" అంది, అందుకని రాస్తున్నాను. సగం అక్క మాటే అయ్యుంటుంది.

పదహారో తారీకున పెద్ద హాలు, మూడొందల మంది. నాకు నల్లగుడ్డతో గంతలు కట్టారు. మొదటి గిన్నె మీద వంగాను. మొహానికి వేడి తగిలింది. రెండో గిన్నె మీద వంగాను. వేడి. మూడోది కూడా వేడే. హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై నా ముక్కు కింద ఒకే ఊరైపోయాయి. ఎవరిదో కుర్చీ కిర్రుమంది.

ఆకులు లెక్కపెట్టుకుంటూ పందిట్లో తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. నేను ఒకసారి కాదు, రెండుసార్లు లెక్కపెట్టేవాణ్ణి బావా, మీరు నమ్మి పంపించారని.

మైకులో "చెంచా ఇవ్వండి" అన్నాను.

ఎవరూ కదల్లేదు. వెనకనుంచి తడిచెయ్యి ఒకటి నా చేతిలో చెంచా పెట్టింది. "ఇంద మావయ్యా. కడిగిందే" అంది తలుపులమ్మ.

మూడూ రుచి చూశాను. హైదరాబాదు దాంట్లో ఉప్పు ఎక్కువ. బెంగుళూరు దాంట్లో బెల్లం ఎక్కువ. చెన్నై దాంట్లో ఉప్పు తక్కువ. అదే చెప్పాను. "గెలిచిన ఊరు లేదు, మూడూ ఒక గిన్నెలో పోస్తే తినొచ్చు" అన్నాను. నవ్వారు. గంతలు నేనే విప్పుకుని, "నాకు జూన్ నుంచి వాసన తెలియదు. మొహాలు చూసి చెబుతున్నాను. ముక్కు బాగున్నప్పుడు కూడా పదింట్లో రెండు మా బావ సరిచేసేవాడు" అని చెప్పేశాను.

అయిపోయింది, రైలెక్కి వచ్చేస్తాననుకున్నాను. దేవీప్రసాద్ గారు నా చేతిలో మైకు తీసుకున్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "నలభై ఏళ్ళ దీక్షని ఈ చెన్నై కోసం విడిచారు మా బాబాయ్!" అన్నారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు. నేను చెప్పిన మిగతా మాటలు ఎవరికీ వినబడలేదు. ఆ వీడియోని లక్షలమంది చూశారట.

ఇప్పుడు ముక్కు బోర్డు దించేశారు. చెంచా బోర్డు వస్తోంది. సాయంత్రం ఏడింటికి హాల్లో చెంచా అడగాలి, తలుపులమ్మ తేవాలి, నేను మొదటిసారి నోట్లో పెట్టుకున్నట్టు పెట్టుకోవాలి. రోజూ మొదటిసారే. నిన్న వెళ్ళకూడదనుకున్నాను. ఏడైంది. పంచె తెచ్చారు. వెళ్ళాను.

ఒక్కటి మాత్రం వేరు. ఇప్పుడు పొద్దున్న నుంచీ ప్రతి గిన్నెనీ బయటికి పోయేముందు రుచి చూస్తున్నాను. చాటున కాదు, పొయ్యి దగ్గరే, అందరూ చూస్తుండగా. నిన్న ఆకుల్లో పులుసు మిగల్లేదు.

మీ మీద కోపం తగ్గలేదు. కానీ చెంచా నోట్లో పెట్టుకోగానే ముందు ఉప్పు తెలిసింది, తరవాత మీరు గుర్తొచ్చారు.

భోజనం చెయ్యండి.

బంగార్రాజు

---

అనకాపల్లి,
నవంబరు 27.

బంగార్రాజూ,

జవాబు రాయకుండా ఉంటే నీ కోపానికి మర్యాద ఇచ్చినట్టుంటుందని నాలుగు రోజులు ఊరుకున్నాను. కానీ ఇక్కడ ఒకటి జరిగింది, అది నీకు తెలియాలి.

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. దానికి ముందు నేను నీకు రాసింది కూడా చెప్పాను, బెల్లం దిమ్మలు, గరిటె, రెండు గుప్పిళ్ళు, అన్నీ. ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే గిన్నె విసిరేస్తుందనుకున్నాను. ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూ తల కూడా ఎత్తలేదు.

"నాకు తెల్దేటి? ఆణ్ని ఆకులకి అంపీవోరు, మీరు ఉప్పేసీవోరు. మీ సెయ్యి పెద్దది. సగంసార్లు ఎక్కువైపోయీది. నానొచ్చి నీళ్ళు పోసి, బెల్లంముక్క పడీసీదాన్ని."

"నేను చూడలేదే!" అన్నాను.

"మీరెక్కడున్నారు సూడ్డానికి? మిమ్మల్ని దేనికి అంపీదాన్నో గేపకం ఉందా?"

నాకు గుర్తు రాలేదు. ఆవిడే చెప్పింది.

"అగ్గిపెట్టికి."

నలభై ఏళ్ళు బంగార్రాజూ. కొట్టుకి వెళ్ళి అగ్గిపెట్టెలు కొన్నాను. వండుతున్న పొయ్యి వెలుగుతూనే ఉండగా అగ్గిపెట్టె ఎందుకని ఒక్కరోజూ నాకు తోచలేదు. పైగా నేను తెలివైనవాణ్ణని ఈ ఊళ్ళో పేరు. నువ్వు ఆకులైనా లెక్కపెట్టావు, నేను అదీ లేదు.

ఇవన్నీ విన్నాక దేముడు కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. తరవాత, "మరి ఆ పులుసు ఎవలు పెట్టినట్టు మావా?" అన్నాడు. నేను కిటికీలోంచి షట్టరు చూశాను. వాడి ప్రశ్న కూడా పొట్లం కాగితం మీది సంగతుల్లాంటిదే, చివర నా దగ్గర లేదు.

డాక్టరు వచ్చి చూసి, ఆరునెలలు కాదు, ఇంకో మూడు కలపమన్నాడు. నీకు ఏడాది పైన, నాకు మూడు నెలల పైన. ఇద్దరిలో నాదే తక్కువ, అయినా నేనే ఎక్కువ గొణుగుతున్నానని మీ అక్క అంటోంది. ఏడింటికి నువ్వు చెంచా అడిగే వేళకి నాకు గడియారం చూడడం అలవాటైంది. చూడకుండా ఉందామనుకుంటాను. చూస్తాను.

ఇవాళ మధ్యాహ్నం గుమ్మడికాయ పులుసు. దేముడు కూడా ఇక్కడే తిన్నాడు. పులుసులో ఉప్పు తక్కువైంది. మీ అక్క ఉప్పు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. ముగ్గురం వేసుకున్నాం.

త్రినాధరావు